తొక్కుడు రేడియో – ఎగిరే వైద్యుడు

రోగికి వైద్యుడు దూరమైనప్పుడు మన ఆలోచన ముందుగా వాహనం మీదికి పోతుంది. బండి ఉన్నదా, దారి బాగున్నదా అని విచారిస్తాము. కాని, ఫలానా చోట ఒక ప్రాణి ఆపదలో ఉన్నదన్న కబురు వైద్యునికి అందనప్పుడు, ఎంత మంచి బండి వాకిట నిలిచి ఉన్నా ప్రయోజనం లేదు. ఈ చిన్న సత్యాన్ని ఒక ఖండం తన కష్టం మీద తెలిసికొన్న చరిత్రను ఇక్కడ చెప్పదలచినాము. అది ఆస్ట్రేలియా దేశపు 'ఎగిరే వైద్యుని' సేవ చరిత్ర. రేడియో వినే అలవాటు గల మనకు అందులో మరొక ఆసక్తి కూడ కలదు. ఆ సేవకు రెక్కలనిచ్చినది విమానమే గాని, ప్రాణం పోసినది రేడియో.

ఆస్ట్రేలియా ప్రజలలో అధిక భాగం సముద్రతీరాల వెంట ఉన్న పట్టణాలలో నివసిస్తారు. లోపలి భూభాగం ఎండిన మైదానాలతో, పశువుల మేతభూములతో నిండిన విశాల ప్రదేశం. అక్కడ ఒక ఇంటికీ, పొరుగింటికీ నడుమ అనేక మైళ్ల దూరం ఉంటుంది. వానలు కురిసినపుడు వాగులు పొంగి, ఉన్న బాటలు కూడ మూసుకొనిపోతాయి. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని 3 లక్షల చదరపు కిలోమీటర్లకూ, ఉత్తర ప్రాంతంలోని 15 లక్షల చదరపు కిలోమీటర్లకూ కలిపి ఇద్దరే వైద్యులు ఉండేవారు. జ్వరం వచ్చినా, ప్రసవం కష్టమైనా, గుర్రం మీద నుండి పడినా, దైవం మీద భారం వేసి కూర్చొనడమే అక్కడి వారి చికిత్స.

1917లో జరిగిన ఒక సంఘటన ఆ దేశాన్ని కలచివేసినది. జిమ్మీ డార్సీ అనే పశువుల కాపరి గుర్రం మీద నుండి పడి, లోపల తీవ్రమైన దెబ్బ తగిలి, హాల్స్ క్రీక్ అనే మారుమూల గ్రామానికి తీసుకొని రాబడినాడు. అక్కడ ఆసుపత్రి లేదు. తపాలా కార్యాలయమూ, తంతి తీగా ఉన్నవి. ప్రథమ చికిత్స కొంత నేర్చిన పోస్టుమాస్టరు టకెట్, సుమారు 3,000 కిలోమీటర్ల దూరాన పెర్త్ నగరంలో ఉన్న డాక్టరు హాలండుకు తంతి కొట్టినాడు. శస్త్రచికిత్స చేయక తప్పదని జవాబు వచ్చినది. మత్తుమందు లేదు, పరికరాలు లేవు. తీగ మీద ఒక్కొక్క మాటగా వచ్చిన ఆదేశాలను అనుసరించి, పోస్టుమాస్టరు చిన్న చాకుతో ఆ పని చేసినాడు. హాలండు పశువులను తరలించే ఓడలో, తరువాత మోటారులో, గుర్రపు బండిలో, కొంత దూరం కాలినడకన ప్రయాణించి, పది రోజులు దాటిన తరువాత ఆ గ్రామం చేరినాడు. కోత బాగానే జరిగినది; కాని బయటపడని మలేరియా వంటి ఇతర రుగ్మతల వలన, డార్సీ ముందురోజే మరణించి ఉన్నాడు.

ఈ ఉదంతంలో పిలుపు పది రోజుల ముందే చేరినది. మనిషి మాత్రం చేరలేకపోయినాడు. ఆ లోటు తీర్చే ఉపాయం అదే సంవత్సరం ఒక ఉత్తరం రూపంలో వచ్చినది. క్లిఫర్డ్ పీల్ అనే వైద్యవిద్యార్థి మొదటి ప్రపంచ యుద్ధంలో వైమానికుడుగా చేరి, విమానాల ద్వారా లోపలి ప్రజలకు వైద్యసహాయం అందించవచ్చునని రెవరెండు జాన్ ఫ్లిన్‌కు వ్రాసినాడు. 1918లో పీల్ ఫ్రాన్సులో యుద్ధంలో మరణించినాడు. తన ఉత్తరం ఫలించిన సంగతి అతనికి తెలియనే లేదు.

ఫ్లిన్ 1912 నుండి లోపలి ప్రాంతాలలో ప్రెస్బిటేరియన్ చర్చి పక్షాన పనిచేస్తున్నవారు. అక్కడక్కడ చిన్న ఆసుపత్రులు, నర్సుల నివాసాలు నెలకొల్పినవారు. పీల్ ఊహను పట్టుకొని పదేళ్లు చందాలు పోగుచేసినారు. వ్యవసాయ యంత్రాల వ్యాపారి హెచ్. వి. మెకే మరణశాసనం ద్వారా 2,000 పౌండ్లు వచ్చినవి. అప్పటికి చిన్న సంస్థగా ఉన్న క్వాంటాస్, మైలుకు రెండు షిల్లింగుల చొప్పున ఒక విమానాన్ని అద్దెకిచ్చినది. 1928 మే 17వ తేదీన క్వీన్స్‌లాండులోని క్లాంకరీ నుండి జూలియా క్రీక్‌కు తొలి ప్రయాణం జరిగినది. డాక్టరు సెయింట్ విన్సెంట్ వెల్ష్, వైమానికుడు ఆర్థర్ ఆఫ్లెక్. కొయ్యతో, గుడ్డతో చేసిన ఆ విమానం గంటకు సుమారు 130 కిలోమీటర్లు పోయేది. దారి చూపే సాధనాలు లేవు. నదులను, కంచెలను, తంతిస్తంభాలను చూచుకొంటూ ఎగిరేవారు. మొదటి ఏడు 50 ప్రయాణాలలో 225 మందికి చికిత్స జరిగినది.

మనిషి పోవలసిన దారి ఈ విధంగా దొరికినది. అయితే కబురు సంగతి ఏమి? తంతి తీగ ఉన్న హాల్స్ క్రీక్ వంటి ఊళ్లు కొద్ది. తీగ లేని వందలాది ఇళ్లవారు వైద్యుని ఎట్లు పిలువగలరు? ఫ్లిన్ ఈ చిక్కును ముందే గ్రహించి, అడిలేడ్‌కు చెందిన ఇంజనీరు ఆల్ఫ్రెడ్ ట్రేగర్‌ను 1926లో పనిలోకి తీసుకొన్నారు. వైర్‌లెస్ యంత్రాలు అప్పటికే ఉన్నవి. కాని వాటికి విద్యుత్తు కావాలి. పల్లెలో విద్యుత్తు లేదు, బ్యాటరీలు మోయలేనంత బరువు. ట్రేగర్ సైకిలు పెడలును చిన్న విద్యుదుత్పత్తి యంత్రానికి కలిపినారు. కుర్చీలో కూర్చొని తీరికగా తొక్కితే 20 వాట్ల విద్యుత్తు పుట్టేది. 1929లో ఈ యంత్రాలు పశుక్షేత్రాలలోని ఇళ్లకు చేరనారంభించినవి. ఇంటివారికి మోర్సు సంకేతాలు రావని ఎరిగి, టైపురైటరు మీటల వంటివి అమర్చి, అక్షరం నొక్కితే సంకేతం తనంతట తానే పోయే ఏర్పాటు కూడ ఆయన చేసినారు. అనంతర కాలంలో మాటయే పోసాగినది.

ఇక్కడ మేము ముఖ్యంగా గమనించమని కోరేది, ఆ పెడలు తొక్కినది ఎవరన్న విషయం. చాల ఇళ్లలో ఆ పని గృహిణులది. జ్వరంతో మూల్గుతున్న బిడ్డను పక్కన ఉంచుకొని, కాళ్లతో విద్యుత్తు పుట్టిస్తూ, చేతులతో కబురు పంపిన తల్లులు ఈ సేవలో ఉద్యోగులు కారు. కాని వారు లేక ఈ సేవ లేదు. ఆపద లేని వేళలలో వారు అదే యంత్రంలో ఒకరినొకరు పలుకరించుకొనేవారు. గలగలలాడే గలా అనే చిలుకజాతి పక్షి పేరు మీద ఆ ముచ్చట్లకు 'గలా వేళ' అని హాస్యంగా పేరు పెట్టినారు. ఏళ్ల తరబడి పొరుగు ముఖం ఎరుగని స్త్రీలకు పొరుగు గొంతు దొరికినది. 1951లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఇదే రేడియో మీద పిల్లలకు ఆకాశపాఠశాల కూడ ఆరంభమైనది.

విమానం ప్రతి జబ్బుకూ రాదు. అందుచేత ఇంటింటా మందులపెట్టె ఉంచి, ప్రతి మందుకూ అంకె వేసినారు. ఫలానా అంకె మందు ఇంత ఇమ్మని డాక్టరు రేడియోలో చెప్పేవారు. తొమ్మిదవ అంకె మాత్రలు అయిపోగా, నాలుగవది ఒకటి, అయిదవది ఒకటి కలిపి మింగిన పెద్దమనిషి కథను అక్కడివారు నేటికీ నవ్వుతూ చెప్పుకొంటారు.

1930వ దశకంలో విండం, పోర్ట్ హెడ్లాండ్, కాల్గూర్లీ, ఆలిస్ స్ప్రింగ్స్ మొదలైన చోట్ల కేంద్రాలు వెలసినవి. 1955లో 'రాయల్' అన్న బిరుదు చేరినది. ఫ్లిన్ 1951లో మరణించినారు. ఆ దేశపు ఇరవై డాలర్ల నోటు మీద ఆయన బొమ్మ ఉన్నది. ఆయన సంస్థ శ్వేతజాతీయులనే ప్రధానంగా చూచి, ఆదివాసుల ఆరోగ్యాన్ని ఉపేక్షించినదన్న విమర్శ ఆయన జీవితకాలంలోనే వచ్చినది. ఆ విమర్శను దాచడం చరిత్రకు న్యాయం కాదు. యంత్రం యజమాని ఇంట ఉన్నప్పుడు, దూరాన ఉన్న ఆదివాసి గుడిసె నుండి పిలుపు ఎట్లు వెళ్లగలదు? నేడు ఈ సేవ ఆదివాసి గ్రామాలకు కూడ విస్తరించినది.

ఈ ప్రశ్న మనకు కూడ చెందినదే. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన '108' సేవ, మూడంకెలతో అంబులెన్సును పిలిచే హక్కును తెలుగు పల్లెకు ఇచ్చినది. కాని మన్యపు కొండలలో, ఫోను పలుకని చోట్ల, గర్భిణులను డోలీ కట్టి మోసుకొని వచ్చిన వార్తలు ఆ తరువాత కూడ మనం చదివినాము. బండ్ల సంఖ్యను లెక్కించి మనం తృప్తి పడరాదు. చిట్టచివరి గుడిసెలోని తల్లి తన పిలుపును పంపగలుగుచున్నదా అని అడుగవలెను. ఆమె గొంతు చేరిన నాడే బండి కదులుతుంది.