కళ్ళజోడు నేర్పిన పాఠం



పసివాడు గ్లాసు విసిరికొట్టి రాగం అందుకున్నాడనుకోండి. పొయ్యిమీద పాలు పొంగుతుంటాయి. ఊరుకుంటే చాలని మనం వాడి చేతిలో ఓ బిస్కెట్టు పెడతాం. వాడు నేర్చుకున్నదేమిటి? విసిరితే బిస్కెట్టు వస్తుందని! ఈ చిన్న సంగతి వెనుక ఓ శాస్త్రమే ఉంది సుమా.

1938లో అమెరికా శాస్త్రజ్ఞుడు స్కిన్నర్ తన ఎలుకల ప్రయోగాలను పుస్తకంగా వెలువరించాడు. మీట నొక్కిన ఎలుకకు తిండి దొరికితే, అది మళ్ళీ నొక్కుతుంది. ఈ సూత్రం బడికి ఎలా వచ్చిందో చూద్దాం.

వాషింగ్టన్ రాష్ట్రంలో మూడున్నరేళ్ళ ఆటిజం పిల్లవాడొకడుండేవాడు. కళ్ళకు శుక్లాల ఆపరేషన్ అయింది. జోడు పెట్టుకోకపోతే చూపు పోతుందన్నారు డాక్టర్లు. వాడేమో ముట్టనిచ్చేవాడు కాదు. వుల్ఫ్, రిస్లీ, మీస్ అనే ముగ్గురు ముందు అద్దాలు లేని ఫ్రేములిచ్చారు. పట్టుకుంటే ఓ ముద్ద, కళ్ళదాకా తెస్తే మరో ముద్ద. అలా మెట్టుమెట్టుగా జోడు నిలిచింది, చూపూ నిలిచింది. ఈ వృత్తాంతం 1964లో అచ్చయింది. 1968లో వుల్ఫ్ సంపాదకుడుగా ఈ విద్యకు ఓ పత్రికే వెలిసింది. దీన్నే అప్లైడ్ బిహేవియర్ ఎనాలిసిస్ అంటారు.

అయితే, పిల్లవాడి ఆకలినే పనిముట్టుగా వాడడం న్యాయమా అని మీ మనసుకు తోచలేదూ? ఆ రోజుల్లోనే కాలిఫోర్నియాలో లోవాస్ అనే ఆయన ఇలాంటి పిల్లల మీద చెంపదెబ్బలు, కరెంటు షాకులు కూడా ప్రయోగించాడు. తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

చిత్రమేమిటంటే, ఆ వుల్ఫే 1978లో మరో మాట అన్నాడు. మనం పెట్టుకున్న గురి, అనుసరించిన పద్ధతి, వచ్చిన ఫలితం మనకు నచ్చితే చాలదు, ఎవరికోసం చేస్తున్నామో వారికీ సమ్మతం కావాలని. ఆటిజంతో పెరిగి పెద్దవారైన వారిలో చాలామంది నేడు అడుగుతున్నదీ అదే: "చేతులాడిస్తే మీకేం నష్టం? మమ్మల్ని మీలా నటించమనడం చదువెలా అవుతుంది?"

మన సికింద్రాబాదులో 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. పేషావరియా, వెంకటేశన్ గార్లు రాసిన ఉపాధ్యాయుల చేపుస్తకాన్ని ఆ సంస్థ 1992లో ప్రచురించింది. ఈ విద్యలో టీచరమ్మ మొదట చేయవలసింది దండించడం కాదు, గమనించడం. గొడవకు ముందు ఏం జరిగింది, పిల్లవాడేం చేశాడు, ఆ తరువాత వాడికేం దక్కింది? ఈ మూడూ ఓ నోటుబుక్కులో రాసుకుంటే కారణం దానంతటదే బయటపడుతుంది. మాట రాని బిడ్డకు అల్లరే మాట. "నీళ్ళు కావాలి" అని సైగ నేర్పితే గ్లాసు విసరాల్సిన పనేముంది?

అందుచేత, మీ ఇంట్లోనో పక్కింట్లోనో అటువంటి బిడ్డ ఉంటే, చెయ్యెత్తబోయే ముందు ఒక్క క్షణం ఆగండి. వాడేం చెప్పబోతున్నాడో చూడండి. బడిలో ఏదైనా నేర్పుతామంటే, అది బిడ్డ సుఖానికా, మన సౌకర్యానికా అని నిర్మొహమాటంగా అడగండి. తల్లికి ఆ హక్కుంది.