నీడల్లో దాక్కున్నది ఇంటివాళ్లే

అలంపూర్ నవబ్రహ్మ ఆలయాల్లో గర్భగుడి చుట్టూ తిరిగే దారి మసకగా ఉంటుంది. బాదామి చాళుక్యులు ఏడో శతాబ్దంలో కట్టించడం మొదలుపెట్టిన ఈ గుళ్ల గోడలకు రాతి జాలీ కిటికీలున్నాయి. ఎండ వాటిలోంచి ముక్కలై నేలమీద పడుతుంది. ఎదురొచ్చే మనిషి ముఖం ఒక అడుగులో వెలిగి, మరో అడుగులో ఆరిపోతుంది. 1940ల్లో హాలీవుడ్ నేరకథల కెమెరామెన్లు కిటికీ పట్టీల సందుల్లోంచి లైటు వేసి రాబట్టింది ఇదే వెలుగు. 'ది మాల్టీస్ ఫాల్కన్' (1941), 'డబుల్ ఇండెమ్నిటీ' (1944) వంటి ఆ కోవ చిత్రాలనే ఫిల్మ్ నువార్ అంటారు. అయితే ఆ నీడలు మన దేశానికొచ్చాక నేరుగా నడింట్లోకి చేరాయి.

మద్రాసులో పేలిన తుపాకి

1954 నాటికి అలంపూర్ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలో, రాయచూరు జిల్లాలో ఉండేది. తుంగభద్ర అవతలి కర్నూలేమో ఆంధ్ర రాష్ట్ర రాజధాని. ఏరు దాటితే రాష్ట్రం మారేది. రెండు ఒడ్డుల జనమూ చూసే తెలుగు బొమ్మలు మాత్రం ఎక్కువగా మద్రాసు స్టూడియోల్లోనే తయారయ్యేవి.

ఆ మద్రాసులోనే, ఆ ఏడే ఏవీఎం సంస్థ తమిళంలో 'అంద నాళ్' తీసింది. దర్శకుడు వీణ విద్వాంసుడు ఎస్.బాలచందర్. 1943లో జపాను బాంబులు మద్రాసు మీద పడిన రోజుల కథ. సినిమా మొదలవుతూనే తుపాకి పేలుతుంది, రేడియో ఇంజనీరు రాజన్ పాత్రలో శివాజీ గణేశన్ కుప్పకూలతాడు. హీరో ఆదిలోనే పోయాడు, ఒక్క పాటా లేదు. ఇక మిగిలింది విచారణే. భార్య, తమ్ముడు, మరదలు, పొరుగింటాయన, నాట్యకత్తె చెప్పే మాటల్లో చనిపోయినవాడు తలా ఒక రకంగా కనిపిస్తాడు. 'మాల్టీస్ ఫాల్కన్' డిటెక్టివ్ శామ్ స్పేడ్ ఇల్లూ సంసారం లేని ఒంటరి. 'అంద నాళ్'లో విచారణ జరిపే సీఐడీ అలా కాదు, ఇంటిల్లిపాదినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆరా తీయాల్సిందే.

ఏరువాక నుంచి సీఐడీకి

తాపీ చాణక్య దర్శకత్వంలో 1955లో వచ్చిన 'రోజులు మారాయి'లో ఏరువాక పాటకు ఆడిన వహీదా రెహమాన్, మరుసటి ఏడే రాజ్ ఖోస్లా హిందీ 'సీఐడీ'లో దుష్టుల పంచన బతికే కామిని అయింది. దేవానంద్ తప్పించుకోవడానికి వీలుగా ఆమె విలన్ చూపును తన పాటతో కట్టిపడేస్తుంది. పాట ఒకరికి, సైగ మరొకరికి. నువార్ సినిమా మాయలాడి వలపు నటించేది ఎదుటివాణ్ని ముంచడానికి. కామిని నటన ఒక ప్రాణం కాపాడటానికి. ఇక తాపీ చాణక్య 1965లో విజయా వారికి ఎన్టీఆర్, జమునలతో తెలుగు 'సి.ఐ.డి.' తీశారు. పేరు అదే, కథ వేరు.

1966లో కృష్ణతో 'గూఢచారి 116' వచ్చి గూఢచారుల చిత్రాలకు గిరాకీ తెచ్చింది. దాన్ని మరుసటి ఏడు హిందీలో 'ఫర్జ్'గా తీసిన రవికాంత్ నగాయిచ్, మన 'సీతారామకల్యాణం'కు కెమెరా పట్టినవాడే.

కళ్లే ఆనవాళ్లు

నా దృష్టిలో ఈ వరసలో తలమానికం 'అవే కళ్ళు' (1967). ఎ.సి.త్రిలోకచందర్ దర్శకత్వంలో ఏవీఎం వారే తెలుగు, తమిళ భాషల్లో తీశారు. తెలుగులో కృష్ణ, కాంచన జంట. ఒక కుటుంబాన్ని ముసుగుమనిషి వెంటాడుతుంటాడు. మనకు చూపించేది కళ్లు మాత్రమే. దాంతో ఆ ఇంట్లో ఎవరు తలెత్తినా ముందు కళ్లలోకే చూస్తాం. పలకరించేవాళ్లనూ అనుమానించాల్సి రావడంలోనే దాని భయమంతా ఉంది.

1985లో వంశీ 'అన్వేషణ' ఆ భయాన్ని తలకోన అడవికి తీసుకెళ్లింది. చావులకు పులి కారణమంటారు. పక్షుల కూతల్లో సంగీతం వెతకడానికి వచ్చిన హేమ, అంటే భానుప్రియ, అదే అడవిలో చిక్కుకుంటుంది. ఇక్కడ నీడల పనిని ఇళయరాజా నేపథ్య సంగీతం చేసింది.

మన సినిమా చరిత్ర పౌరాణికాలకు, జానపదాలకు పెద్దపీట వేసి, నేరకథలను కాలక్షేపం కింద జమకట్టింది. అది అన్యాయం. ఉమ్మడి కుటుంబాన్ని గుడిలా చూపించిన రోజుల్లో, ఆ ఇంట్లోనూ అబద్ధం, దురాశ, పగ కాపురముంటాయని ధైర్యంగా చెప్పినవి ఈ చిత్రాలే. వాటికి పెద్దపీట పక్కనే చోటు దక్కాలి.