పత్రికను పోషించేదెవరు?

"పేపర్లో పడింది" అంటే ఇక తిరుగులేని సాక్ష్యమని తలచిన కాలం వొకటి వుండేది. నేడు సిద్దిపేటలో యే చాయ్ హోటలు ముందైనా కాసేపు నిలబడి చూడండి. పత్రిక చేతికి తీసుకున్న మనిషి వార్త చదవకముందే అది యెవరి పత్రికో, దాని యజమాని యే పక్షాన వున్నాడో చెబుతాడు. తరువాత రెండో పత్రిక అందుకొని, రెండింటిలోని అతిశయోక్తినీ కొట్టివేసి, మిగిలినదాన్ని వార్తగా పుచ్చుకుంటాడు. పాఠకుడు ఇంత తెలివిమీరినందుకు కొంత సంతోషించవచ్చు. కాని వొక వైద్యుడు రాసిచ్చిన చీటీని మరో వైద్యునికి చూపితేగాని మందు మింగనన్న రోగిని చూసి, వైద్యం బాగా సాగుతున్నదని యెవరూ అనరు.

అదే బల్లమీద పక్కన కూర్చున్న కుర్రవాడు ఫోనులో వీడియో గేము ఆడుతుంటాడు. దినపత్రికతో అతనికి పనిలేదు. ఐనా అతని ఫిర్యాదూ ఇదే. కొత్త ఆట బాగున్నదో లేదో చెప్పే సమీక్షకులను అతడు నమ్మడు. వాళ్ళంతా కంపెనీల మనుషులంటాడు. ఈ మాట వట్టి అపవాదు కాదు. 2007 నవంబరులో అమెరికాలోని గేమ్‌స్పాట్ అనే సమీక్షా సంస్థ జెఫ్ గెర్‌స్ట్‌మన్ అనే పేరున్న సమీక్షకుణ్ణి ఉద్యోగంలోనుంచి తీసివేసింది. 'కేన్ అండ్ లించ్' అనే ఆట అంత గొప్పగా లేదని ఆయన రాశాడు. ఆ ఆట ప్రకటనలే అప్పుడు ఆ సంస్థ పుటలనిండా వున్నాయి. ప్రకటనదారుల ఒత్తిడి తన ఉద్యోగానికి యెసరు తెచ్చిందని 2012లో ఆయన బహిరంగంగా చెప్పాడు. ఆటను అమ్మేవాడే సమీక్షకునికి ఆటను ముందుగా అందించాలి, సమీక్షకుని జీతానికి డబ్బూ వాడి ప్రకటనలనుంచే రావాలి. ఇక ఆ సమీక్షను నమ్మి వేలరూపాయలు పోసేవాని గతి యేమిటి?

వయసూ వ్యాసంగమూ వేరైన ఈ ఇద్దరి అపనమ్మకానికీ మూలం వొక్కటే. విలేకరులలో నీతి తగ్గిందని చెప్పి తప్పుకోవటం తేలిక. కాని వొక వృత్తిలోని మనుషులందరూ కూడబలుక్కొని వొకేసారి చెడిపోరు. పత్రికను పోషించేవాడు మారినప్పుడల్లా పత్రిక యెవరికి జవాబు చెప్పుకోవాలో అదీ మారింది; దానితోపాటు పాఠకుని నమ్మకమూ మారింది. తెలుగు పత్రికల చరిత్ర, ముఖ్యంగా తెలంగాణ పాఠకుని అనుభవం, దీనికి నిదర్శనం.

1926 మే 10న హైదరాబాదులో గోలకొండ పత్రిక మొదలయింది. సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి. రాజభాష ఉర్దూ; సభ జరుపుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. అటువంటి రాజ్యంలో వారానికి రెండుసార్లు తెలుగు పత్రిక నడపటానికి మూలధనం యేమిటి? కొందరు పెద్దల ప్రోత్సాహం, చందాదారులిచ్చే పైకం, సంపాదకుని రెక్కల కష్టం. ప్రోత్సహించిన పెద్దలలో నగర కొత్వాలైన రాజబహదూర్ వెంకటరామారెడ్డి కూడా వున్నారు. కనుక ఆ పత్రిక గొంతుకు హద్దులే లేవని మురిసిపోనక్కరలేదు. ఐతే ఆ హద్దులలోనే అది పాఠకునిపట్ల యెలా నడుచుకున్నదో చూడాలి.

తెలంగాణలో తెలుగు కవులే లేరన్న ఆక్షేపణ వొకటి అప్పుడు వచ్చింది. ప్రతాపరెడ్డి కోపంతో నాలుగు సంపాదకీయాలు రాసి వూరుకోవచ్చు. ఆయన ఆ పని చేయలేదు. 354 మంది కవుల రచనలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచిక వెలువరించాడు. ఆక్షేపణకు రుజువుతో జవాబు చెప్పటమంటే అది. నమ్మండి అని పాఠకుణ్ణి బతిమాలలేదు, లెక్క ముందుపెట్టాడు. అంతకు నాలుగేళ్ళ ముందే, 1930లో, మెదకు జిల్లా జోగిపేటలో ప్రథమ ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు అధ్యక్షపీఠంమీద కూర్చోబెట్టింది ఈ సంపాదకుణ్ణే. సిద్దిపేట అప్పుడు ఆ జిల్లాలోనిదే. పత్రికను ప్రజలు తమదిగా భావించారనటానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

ఆ నమ్మకానికి చెల్లించిన మూల్యం కూడా తక్కువది కాదు. ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ హైదరాబాదు ఇండియన్ యూనియన్‌లో చేరాలని రాశాడు. 1948 ఆగస్టులో వొక రాత్రి హైదరాబాదు వీధిలో రజాకార్లు ఆయనను చంపారు. రాసిన చేతిని నరికారు. ఆ చేతికి జనంలో ఎంత విలువ వున్నదో నరికినవాళ్ళకు బాగా తెలుసు.

వ్యాపారి డబ్బు తగిలితే చాలు పత్రిక మైలపడుతుందని నా వాదన కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో అమృతాంజనం వ్యాపారం పెట్టాడు. 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక స్థాపించాడు. తలనొప్పి మందుమీద వచ్చిన లాభం తెలుగు పత్రికకు అన్నం పెట్టింది. అక్కడ వ్యాపారం పత్రికకు సేవ చేసింది. దరిమిలా ఈ సంబంధం తలకిందులయింది: పత్రిక ఇతర వ్యాపారాలకు కాపలాకాసే కంచె అయింది. తేడా అంతా ఇందులోనే వున్నది.

ఈ ప్రమాదాన్ని ముందుగా గుర్తించినవారు లేకపోలేదు. 1952లో నియమించబడిన మొదటి ప్రెస్ కమిషన్, 1954లో ఇచ్చిన నివేదికలో, పత్రిక ధరకూ పుటల సంఖ్యకూ వొక నిష్పత్తి వుండాలని సిఫారసు చేసింది. కారణం తేటతెల్లం. పెద్ద పత్రిక ప్రకటనల డబ్బుతో పుటలు పెంచి, అచ్చుఖర్చుకంటె తక్కువ ధరకు అమ్మగలదు; చందాలమీద బతికే చిన్న పత్రిక ఆ పోటీకి తాళలేదు. 1956లో చట్టం వచ్చింది. 1961లో సకాల్ పత్రిక కేసులో సుప్రీంకోర్టు దాన్ని వాక్స్వాతంత్ర్యానికి విరుద్ధమని కొట్టివేసింది. పత్రికలో యెన్ని పుటలుండాలో ప్రభుత్వం శాసించటం ప్రమాదమే. ఆ తీర్పును నేను తప్పుపట్టను. కాని కమిషన్ చూపిన రోగం ఆ తీర్పుతో నయం కాలేదు. చవకగా దొరికే పత్రికకు అసలు ఖర్చు మరెవరో భరిస్తున్నారు. భరించేవాడు వూరికే భరించడు.

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు వచ్చింది. 1989లో జిల్లా అనుబంధాలు వచ్చాయి. మండలంలోని బావి, బడి, కల్లుదుకాణం, అవినీతి అచ్చుకెక్కాయి. ఇది సామాన్యమైన మేలు కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారామీద తిరగబడితే ఆ కబురు వూరూరికీ పాకటంలో జిల్లా పుటల పాత్ర చాలా వున్నది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారా నిషేధించక తప్పలేదు. పల్లె మనిషి పత్రికను మళ్ళీ తనదిగా భావించిన రోజులవి.

ఐతే ఆ జిల్లా పుటలను నింపే మనిషి యెట్లా బతుకుతున్నాడు? మండల కంట్రిబ్యూటరుకు జీతం వుండదు. సెంటీమీటర్ల లెక్కన చిల్లర, దానిపై ప్రకటనల కమీషను. దసరాకూ, పత్రిక వార్షికోత్సవానికీ, నాయకుని పుట్టినరోజుకూ ప్రకటనలు తేవాలని పైనుంచి టార్గెట్ వస్తుంది. ప్రకటన యెవరిస్తారు? సర్పంచి, కాంట్రాక్టరు, ప్రైవేటు బడి యజమాని, రైసుమిల్లరు. వార్త రాయవలసిందీ వీళ్ళమీదనే. పొద్దున ప్రకటన అడిగిన చేయి సాయంత్రం ఆ యింటి బాగోతం రాయగలదా? రాసేవాళ్ళు వున్నారు, వాళ్ళకు దండం పెట్టాలి. కాని వ్యవస్థను వీరుల లెక్కన కట్టకూడదు, సామాన్యుడు అందులో నిజాయితీగా బతకగలడా లేదా అని చూడాలి.

సినిమా పుటల సంగతి మనవారికి మరీ పాతది. 1966లో వచ్చిన విజయచిత్ర, చిత్రాలు తీసే విజయా వారిదే. సితారను నడిపిన సంస్థే 1983లో ఉషాకిరణ్ మూవీస్ పెట్టింది. ఆ పత్రికల్లో మంచి రచనలు వచ్చాయి, నేనూ ఆశగా చదివినవాణ్ణే. ఐనా చిత్రం తీసేవాడూ, చిత్రం గురించి రాయించేవాడూ వొకడే ఐనప్పుడు పాఠకుడు విమర్శకోసం యెక్కడికి పోవాలి? సిద్దిపేట కుర్రవాడు ఆటల సమీక్షలమీద చేసే ఫిర్యాదును మన సినిమా ప్రేక్షకుడు ముందే యెరుగును.

రోగం బయటపడింది 2009 ఎన్నికలలో. అభ్యర్థుల పొగడ్తలు వార్తల వేషంలో, ప్యాకేజీ ధరలకు, అచ్చయినాయి. ఆంధ్రప్రదేశ్‌లో వొక అభ్యర్థి తనకు అనుకూలమైన రాతకోసం పత్రికకు చెల్లించిన సొమ్మును ఎన్నికల ఖర్చు లెక్కలలోనే చూపాడు! ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఉపసంఘంలో పరంజయ్ గుహా ఠాకుర్తా, మన కె. శ్రీనివాసరెడ్డి పేర్లూ వివరాలతో నివేదిక రాశారు. 2010లో కౌన్సిల్ దాన్ని కుదించి మాత్రమే విడుదల చేసింది. పూర్తి పాఠం బయటకు రావటానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఉత్తర్వు కావలసివచ్చింది. పత్రికల తప్పును పత్రికల పెద్దలే దాచబోతే పాఠకుడు యేమనుకోవాలి?

అవి తెలంగాణ ఉద్యమం ఉధృతమైన రోజులు. ఉన్న పత్రికలు తమ గోడు పట్టించుకోవని ఇక్కడి పాఠకుడు గట్టిగా నమ్మాడు. 2011 జూన్ 6న నమస్తే తెలంగాణ వచ్చినప్పుడు సొంత యింటి పత్రికగా ఆదరించాడు. 2014లో ఉద్యమపక్షం ప్రభుత్వమయింది. దానికి దగ్గరైన పత్రిక ప్రభుత్వానికి దగ్గరైన పత్రిక అయింది. ఆ యేడు జూన్‌లో, కొత్త శాసనసభ్యులను అవమానించారన్న ఆగ్రహంతో, కేబుల్ ఆపరేటర్లు రెండు చానళ్ళను తెలంగాణలో నిలిపివేశారు. అవమానం నిజమే. ఐనా యేది చూడాలో యేది చూడరాదో ఆపరేటరు నిర్ణయించటం యెక్కడి న్యాయం? అడిగినవాళ్ళు కొద్దిమందే. షోయబుల్లాఖాన్ చేతిని ఇక్కడ తలచుకోవాలి. నమ్మకం వున్న పత్రికను అధికారం కొడితే దెబ్బ జనానికి తగులుతుంది. నమ్మకం పోగొట్టుకున్న పత్రికను కొడితే జనం వినోదం చూస్తారు.

పరీక్ష మన గుమ్మంలోకే వచ్చింది. మల్లన్నసాగర్ కోసం తొగుట, కొండపాక మండలాల పల్లెలు ఖాళీ కావలసివచ్చింది. వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, ఎర్రవల్లి పేర్లు మన ప్రాంతంలో యెరుగనివారు లేరు. 2016 జులై 24న లాఠీచార్జి జరిగింది. భూములు కొనటానికి ఆధారమైన 123వ జీవోను ఆగస్టు 3న హైకోర్టు కొట్టివేసింది. దానిమీద అప్పీలు నడిచింది. 50 టి.ఎం.సి.ల ఆ జలాశయం 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమయింది. నీళ్ళు అవసరమనేవాడూ, వూరు పోతుందనేవాడూ ఇద్దరూ మన జిల్లా రైతులే. ఎకరానికి యెంత, ఇల్లెక్కడ, కోర్టు యేమన్నది – ఇద్దరికీ తెలియవలసింది ఇంతే. ఇంత చిన్న విషయం తెలుసుకోటానికి కూడా ముందు పత్రిక యజమాని పక్షం లెక్కవేసుకోవలసిరావటంకంటె దురవస్థ లేదు.

నమ్మకం పోయిన చోటు ఖాళీగా వుండదు. పత్రికను నమ్మనివాడు దేన్నీ నమ్మని వివేకి అవుతాడనుకోటం పొరపాటు. పేరులేనివాడు ఫోనులో పంపిన మాటను నమ్ముతాడు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలని పుకార్లు లేచి, తెలంగాణతోసహా దేశంలో అనేకచోట్ల అమాయకులు దెబ్బలకు చచ్చారు. ఆటల లోకంలోనూ ఇంతే జరిగింది. 2014లో సమీక్షకుల నీతిని ప్రశ్నిస్తున్నామంటూ లేచిన గుంపు, చివరికి ఆ రంగంలోని ఆడవాళ్ళను వెంటాడి బెదిరించటానికి దిగింది. న్యాయమైన అనుమానాన్ని అన్యాయం యెంత సులభంగా యెత్తుకుపోతుందో చూడండి.

కావున కర్తవ్యం నీతిబోధలతో తీరదు. విలేకరికి ప్రకటనల కమీషను పోయి జీతం రావాలి. యజమాని తన ఇతర వ్యాపారాలేమిటో, ప్రభుత్వ ప్రకటనలమీద యెంత పుచ్చుకున్నాడో యేటా తన పత్రికలోనే అచ్చువేయాలి. డబ్బు తీసుకొని రాసినదానిమీద ఆ మాట పెద్ద అక్షరాలతో వుండాలి. పాఠకుడికీ బాధ్యత వున్నది. ఉద్యోగం పోయిన ఆ సమీక్షకుడు 2008లో మిత్రులతో వేరే వేదిక పెట్టుకున్నాడు. తరువాత చందాలిచ్చి దాన్ని నిలబెట్టటంలో పాఠకులు పాలుపంచుకున్నారు. మన తాతలు గోలకొండ పత్రికకు చేసిందీ అదే. అచ్చుఖర్చు చెల్లించని పాఠకుడు పత్రికకు యజమాని కాలేడు, సరుకే అవుతాడు. చాయ్ హోటలు బల్లమీది ఆ పెద్దమనిషి రెండు పత్రికలను సరిచూసుకొనే శ్రమలో సగం, వొక నిజాయితీగల చిన్న పత్రికను బతికించటంమీద పెడితే, రేపు అతని మనుమడు వార్త చదివి పక్షం అడగకుండా నమ్మగలడు.