వాయించడం రాని గురువు

ఇంటర్లో ఉండగా, మా నందిపేట్‌లో, మాండలిన్ శ్రీనివాస్ కచేరీ మొదటిసారి ఫోన్లో విని అది గిటారేమో అనుకున్నాను. అసలు సంగతి తర్వాత తెలిసింది. 1969లో పాలకొల్లులో పుట్టిన ఆయనకి కర్ణాటక సంగీతం నేర్పిన రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు, పిల్లాడు ఆ స్వరాల్ని తీగల మీద వెతుక్కునేవాడు. మామూలు మాండలిన్‌కి ఉండే నాలుగు జతల తీగల మీద గమకాలు సరిగ్గా పలకవు. అందుకని ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌కి మారాడు. 1978లో గుడివాడలో తొలి కచేరీ, 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్! 2014లో, 45 ఏళ్లకే వెళ్లిపోయారు.

మొన్న ఆఫీసులో ట్యుటోరియల్ లేదని ఓ కొత్త పని వద్దన్నాను. ఆ పిల్లాడికి ఏ ట్యుటోరియల్ ఉందో చెప్పండి? రేపెళ్లి ఆ పని అడిగి తీసుకుంటా.