ఆడపిల్ల వాటా: ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ సవరణ

ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితంలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు కల్పించిన చట్టం ఇది. ఎన్.టి. రామారావు ప్రభుత్వ హయాంలో 1986లో 13వ చట్టంగా వచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. కేరళ 1975లో ఉమ్మడి కుటుంబ పద్ధతినే రద్దు చేసింది. ఆ పద్ధతిని ఉంచి, కూతురిని అందులో వాటాదారుగా చేర్చిన తొలి రాష్ట్రం మాత్రం ఆంధ్రప్రదేశే.

అంతకుముందు మితాక్షర అనే హిందూ వారసత్వ పద్ధతిలో మగపిల్లవాడు మాత్రమే పుట్టగానే వాటాదారు. ఆడపిల్లకు దక్కేది కట్నం. కలిగిన ఇళ్ళలో పసుపు కుంకుమ కింద ఎకరమో అరెకరమో. 1956 కేంద్ర చట్టం ఆమెకు తండ్రి వాటాలో మాత్రమే భాగమిచ్చింది. తల్లి లేని ఇంట్లో తండ్రి, కొడుకు, కూతురు, ఆరెకరాల పిత్రార్జితం ఉన్నాయనుకుందాం. వీలునామా రాయకుండా తండ్రి పోతే, పాత లెక్కన కొడుక్కి నాలుగున్నర ఎకరాలు, కూతురికి ఎకరన్నర. సవరణ తర్వాత చెరి మూడెకరాలు.

అయితే ఈ రాష్ట్ర చట్టంలో ఒక మెలిక ఉండేది. అమలు తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకు అది ఈ హక్కు ఇవ్వలేదు. 1985 ఆగస్టులో అత్తారింటికి వెళ్ళిన అక్కకు పాత లెక్క, అక్టోబరులో పీటలెక్కిన చెల్లెలికి కొత్త లెక్క. ఒకే తండ్రి బిడ్డల మధ్య పెళ్ళి ముహూర్తం గీసిన ఈ గీత అన్యాయమైనదే. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ దాన్ని చెరిపేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాల జోలికి మాత్రం ఈ సవరణ వెళ్ళదు.

1994లో ఇలాంటి సవరణే చేసిన కర్ణాటక, మహారాష్ట్రల్లో ఆడపిల్లల చదువు, పెళ్ళి వయసు పెరిగినట్టు ఆర్థికవేత్తల అధ్యయనాలు చూపాయి. హక్కు కాగితం మీదే ఉన్నా, బిడ్డను చదివించాలన్న ఆలోచన ఇంట్లో బలపడుతుందన్నమాట.

ఈ హక్కు పిత్రార్జితానికే; తండ్రి తన స్వార్జితాన్ని ఇష్టమొచ్చినవారికి రాసుకోవచ్చు. పిత్రార్జితం విషయంలోనేమో అమ్మకం వేళ “ఆడపిల్లల సంతకాలున్నాయా?” అని కొనేవారు అడుగుతారు. అప్పుడు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళను రిజిస్ట్రార్ ఆఫీసుకు పిలిచి హక్కు విడుదల దస్తావేజు రాయించుకుంటారు. పుట్టిల్లు దూరమవుతుందన్న భయంతో చాలామంది చదవకుండానే వేలిముద్ర వేస్తారు. రిజిస్టరైన ఆ కాగితాన్ని తర్వాత కొట్టేయించాలంటే కోర్టుకెక్కి మోసమో బలవంతమో జరిగిందని రుజువు చేయాల్సి ఉంటుంది. కనుక సంతకానికి ముందే దాన్ని చదివించుకుని, తన వాటా ఎంతో లెక్క కట్టించుకోవాలి.