ఆ రాళ్ళ ఊరు ఎవరు కట్టారు?

టాంజానియా దక్షిణ తీరంలో, కిల్వా దగ్గర, సాంగో మ్నారా అని ఒక చిన్న దీవి. 14, 15 శతాబ్దాల్లో అక్కడ ఓ స్వాహిలీ పట్నం ఉండేది. పగడపు రాయి, సున్నంతో కట్టిన ముప్పైకి పైగా ఇళ్ళు, మసీదులు, సమాధులు. 16వ శతాబ్దంలో ఖాళీ అయిపోయింది. ఆ గోడల మధ్య ఇప్పుడెవరూ ఉండరు. 1981లో కిల్వాతో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది.

వలస పాలన రోజుల్లో తెల్లదొరల తీర్పు ఒకటే: ఆఫ్రికావాళ్ళకి ఇంత సీన్ లేదు, అరబ్బులో పర్షియన్లో వచ్చి కట్టుంటారు! దానికి తోడు కిల్వా రాజుల చరిత్రలోనే, మా మూలపురుషుడు షిరాజ్ నుంచి ఓడలో వచ్చాడని ఉంది. ఇంకేం, కేసు క్లోజ్!

కానీ తవ్వకాలు వేరే కథ చెప్పాయి. 1980లలో మార్క్ హోర్టన్ కెన్యా తీరంలోని షాంగా అనే మరో పాడుబడ్డ ఊళ్ళో తవ్వితే, రాతి మసీదు అడుగున అంతకంటే పాత మసీదుల ఆనవాళ్ళు, పొర కింద పొరగా బయటపడ్డాయి. అన్నిటికంటే కింద ఉన్నది 8వ శతాబ్దం నాటి కర్ర మసీదు. అంటే ఎవరో రెడీమేడ్‌గా తెచ్చి ఇన్‌స్టాల్ చేసిన నగరం కాదు, వెర్షన్ తర్వాత వెర్షన్‌గా అక్కడే ఎదిగింది. భాషా అదే చెబుతుంది. స్వాహిలీలో అరబ్బీ మాటలు బోలెడు, వ్యాకరణం మాత్రం బంటూ. సంస్కృత పదాలు ఎన్నున్నా తెలుగు ద్రావిడ భాషే కదా, అలాగన్నమాట.

మరి షిరాజ్ కథ కట్టుకథేనా? అదీ కాదు! 2023లో నేచర్ పత్రికలో 80 మంది పాత డీఎన్‌ఏ మీద ఒక అధ్యయనం వచ్చింది. వాళ్ళలో సాంగో మ్నారాలో పూడ్చిన వాళ్ళూ ఉన్నారు. తీరపు పట్నాల్లో చాలామందికి సగానికి పైగా వారసత్వం ఆఫ్రికన్, అదీ ఎక్కువగా తల్లుల వైపు నుంచి. ఆసియా వాటాలో అధికభాగం పర్షియన్ మగవాళ్ళది, కొంచెం మన భారతదేశానిది కూడా. ఈ కలయిక మొదలైంది సుమారు క్రీ.శ. 1000లో. షాంగాలో మొదటి మసీదు అప్పటికే రెండొందల ఏళ్ళ పాతది!

నాకర్థమైంది ఇదీ: రాజుల చరిత్ర తండ్రుల పేర్లు రాసుకుంది, తల్లుల్ని వదిలేసింది. తెల్లదొరలు ఆ సగం కథనే పట్టుకుని, ఊరి వాళ్ళ చేతుల్లోంచి ఊరినే లాగేశారు. ఓడ దిగినవాళ్ళు వచ్చిన మాట నిజమే. కానీ వాళ్ళని అల్లుళ్ళుగా చేసుకున్న ఊరంటూ అక్కడ ముందే ఉంది.

మన ఊళ్ళ స్థలపురాణాల్లో కూడా "మా వాళ్ళు ఫలానా చోటు నుంచి వచ్చారు" అనే మాట తరచూ వింటాం. ఈసారి విన్నప్పుడు, వాళ్ళు వచ్చేసరికి అక్కడ ఎవరున్నారో కూడా అడిగి చూడండి.