తుఫాను పరిభాషలో ‘తీవ్ర’ విశేషణం: కోనసీమ నేపథ్యంలో ఒక పరిశీలన

వాతావరణ సూచనల తెలుగులో ‘తీవ్ర’ అనే తత్సమ విశేషణం తరచుగా వినబడుతుంది. సాధారణ వ్యవహారంలో అది వక్త అంచనాను తెలుపుతుంది. జ్వరం, వేదన, విమర్శ, ఏదైనా తీవ్రమే కావచ్చు. శాస్త్ర పరిభాషలో మాత్రం అది ఒక కొలతకు కట్టుబడిన మాట. హిందుస్థానీ సంగీతంలోని ‘తీవ్ర మధ్యమం’ కూడా ఇట్లే స్థిరపడినది. అక్కడ అది స్వరస్థానాన్ని తెలుపుతుందే గాని ఆవేశాన్ని కాదు.

భారత వాతావరణ శాఖ వర్గీకరణలో మూడు నిమిషాల సగటు గాలివేగం గంటకు 31–49 కి.మీ. అయితే వాయుగుండం, 50–61 అయితే తీవ్ర వాయుగుండం, 62–88 అయితే తుఫాను, 89–117 అయితే తీవ్ర తుఫాను. ఆంగ్లంలో రెండవ మెట్టుకు ‘డీప్’, నాలుగవ మెట్టుకు ‘సివియర్’ అని వేర్వేరు విశేషణాలున్నాయి. తెలుగులో రెంటికీ ‘తీవ్ర’ ఒక్కటే. ఫలితంగా తీవ్ర వాయుగుండం బలపడి తుఫానుగా మారినప్పుడు విశేషణం జారిపోతుంది. ప్రమాదం పెరుగుతున్న వేళ మాట తగ్గినట్లు వినబడుతుంది. నిజానికి ‘గుండం’ అంటేనే లోతైన మడుగు, గుంట. ‘లోతైన వాయుగుండం’ అన్నా తెలుగు నుడికి అతికేది. వాడుక ఆ దారి పట్టలేదు.

ఈ సంగతి కోనసీమకు పదచర్చతో ముగిసేది కాదు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన, ఈ డెల్టా మీదుగా తీరం దాటిన తుఫానులో వేయిమందికి పైగా మరణించారు. బలుసుతిప్ప, భైరవపాలెం వంటి మత్స్యకార గ్రామాలు దెబ్బతిన్నాయి. కొబ్బరి తోటలు నేలకొరిగాయి. ‘అతి తీవ్ర’ అనే వర్గం అప్పటికి లేదు. గంటకు 118 కి.మీ. దాటినదాన్ని సైతం ‘హరికేన్ గాలుల కేంద్రం గల తీవ్ర తుఫాను’ అనేవారు. ఆంగ్లంలో ఈ అదనపు వివరణ నామానికి వెనుక చేరుతుంది. తెలుగు వాక్యనిర్మాణంలో అది నామానికి ముందే రావాలి. పైగా ‘హరికేన్’ ఈ తీరానికి పరాయి మాట. అంత పొడవైన పేరులో జనం చెవిన నిలిచేది ‘తీవ్ర తుఫాను’ మాత్రమే. అంటే 90 కి.మీ. గాలికీ, 140 కి.మీ. గాలికీ ఒకే మాట.

2018 డిసెంబరు 17న పెథాయ్ ఇదే ప్రాంతంలో, కాట్రేనికోన సమీపాన తీరం దాటింది. సముద్రంపై తీవ్ర తుఫానుగా ఉండి, తీరం చేరేసరికి బలహీనపడింది.

వర్గీకరణలోని ‘తీవ్ర’ కొలిచేది గాలిని మాత్రమే. సముద్రం ఎంత పొంగుతుందో ఆ మాట చెప్పదు. అది తీరం వాలు, తుఫాను దిశ, ఆటుపోట్ల సమయం వంటి అంశాలపై కూడా ఆధారపడుతుంది. గోదావరి ముఖద్వారానికి ఉత్తరాన ఉన్న కోరంగి రేవును 1789లోనూ, 1839లోనూ ముంచినది ఉప్పెన. ‘సైక్లోన్’ అనే పదాన్ని 1848లో ప్రతిపాదించిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి ఉప్పెనను కూడా పరిశీలించాడు. ఉప్పెనకు గ్రీకు మాట వెతకవలసిన పని తెలుగుకు లేదు. ‘ఉప్పెన’ ఈ తీరప్రజల నోట ఉన్నదే. హెచ్చరికలో దానిని ‘తీవ్ర’కు అనుబంధంగా కాక, మీటర్లలో ఎత్తుతో, గ్రామాల పేర్లతో విడిగా చెప్పడమే సముచితం.